పొగత్రాగువారికి రెండు ప్రశ్నలు

మన యింట సిగరెట్టు త్రాగువారిని “మానరాదా?” యని నిందింతుము గాని, యా బంధ మెంత బిగిసినదో యడుగము. స్వీడను దేశీయుఁడగు ఫాగర్‌స్ట్రోము 1978లో నిందుల కొక ప్రశ్నావళిని గూర్చెను. 1991లో నది 6 ప్రశ్నలుగా సంస్కరింపఁబడెను. అందు రెండు ముఖ్యములు: నిద్రలేచిన యెంతసేపటికి మొదటి సిగరెట్టు ముట్టింతురు? దినమున కెన్ని త్రాగుదురు? లేచిన 5 నిమిషములలోపల ముట్టించినచో 3 మార్కులు. దినమునకు 31గాని యంతకు మించిగాని యైనచో మఱి 3. బడిపరీక్షలో మార్కులు హెచ్చిన సంతోషింతుము. ఇందు హెచ్చిన జాగ్రత్తపడవలయును.

రాత్రి నిద్రలో రక్తమునందలి నికొటిను తగ్గిపోవును. అందుచేతనే తెల్లవాఱఁగనే దేహము దానిని గోరును. అది మొండితనము గాదు. దేహము నికొటినునకు లోఁబడుట. మార్కులు హెచ్చినకొలఁది మానుట కష్టము. అట్టివారికి నింద గాక వైద్యుని సాయము వలయును. కావున ఱేపు కోపమును విడిచి, యీ రెండు ప్రశ్నలను మెల్లగా నడుగుఁడు.