పతకానికి ముందు పదేళ్లు

పోటీ స్థాయి బాడ్మింటన్‌లో వాడే షటిల్‌కు 16 ఈకలుంటాయి. ఒక్క ఈక విరిగినా షటిల్ దారి తప్పుతుంది, పక్కన పడేయాల్సిందే. మంచి రకం డజను షటిళ్ల డబ్బా ధర 2 వేల రూపాయలు దాటి చాలా కాలమైంది. రెండు పూటలా సాధన చేసే పిల్లకు నెలకు ఎన్ని డబ్బాలు కావాలో లెక్కేస్తే చాలు, ఈ ఆట ఎవరింటి పిల్లలకు అందుతుందో తెలిసిపోతుంది. దీనిపైన రాకెట్లు, బూట్లు, కోచింగ్ ఫీజు, ఊరూరా టోర్నమెంట్లకు ప్రయాణాలు, తోడు వెళ్లే పెద్దవాళ్ల ఖర్చు. పరుగుకు ఇంత సరంజామా అక్కర్లేదు. కూలి కుటుంబాల పిల్లలు ట్రాక్ మీద, బాక్సింగ్ రింగులో ఎక్కువగా, బాడ్మింటన్, టెన్నిస్ కోర్టుల్లో అరుదుగా కనిపించడానికి ఇదొక కారణం. ఏ ఆట ఆడాలన్నది చాలా ఇళ్లలో జేబే తేలుస్తుంది.

ఉద్యోగుల ఇళ్లలోనూ ఈ ఖర్చు తేలిక కాదు. బాడ్మింటన్ క్రీడాకారిణి సైనా నెహ్వాల్ తండ్రి హైదరాబాద్‌లో వ్యవసాయ శాస్త్రవేత్త. తెల్లవారకముందే కూతుర్ని స్కూటర్ మీద లాల్ బహదూర్ స్టేడియానికి తీసుకెళ్లేవారు. డబ్బు చాలక ప్రావిడెంట్ ఫండ్ నుంచి తీశారు. పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు, రైల్వే ఉద్యోగులు. తండ్రి పి.వి. రమణ అర్జున అవార్డు గ్రహీత. సికింద్రాబాద్ మారేడ్‌పల్లి నుంచి శిక్షణ కోసం గచ్చిబౌలి దాకా రోజూ రానూపోనూ ప్రయాణం, 2016 రియో ఒలింపిక్స్ ముందు తండ్రికి నెలల తరబడి సెలవు. ఈ రెండు కుటుంబాలూ సంపన్నమైనవి కావు. కానీ నెల తిరిగేసరికి జీతం వచ్చేది, పెట్టుకోవడానికి సెలవుండేది, తీసుకోవడానికి ఫండ్ ఉండేది. సెలవు కూడా ఒక ఆస్తే. రోజు కూలికి అది లేదు.

కొందరు ఆ ఆస్తినే వదులుకున్నారు. క్రికెటర్ నితీశ్ కుమార్ రెడ్డి తండ్రి విశాఖపట్నంలో హిందుస్థాన్ జింక్ ఉద్యోగి. బదిలీపై ఉదయపూర్ వెళ్లాల్సి వచ్చినప్పుడు, కొడుకు ఆట ఆగిపోతుందని ఉద్యోగమే మానేశారు. అప్పటికి ఆయనకు ఇంకా ఎన్నో ఏళ్ల సర్వీసు ఉంది. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో కొడుకు సెంచరీ కొట్టినప్పుడు గ్యాలరీలో ఆయన పెట్టుకున్న కన్నీళ్లను దేశమంతా చూసింది. జీతం లేకుండా ఇల్లు నడిచిన ఏళ్లను మాత్రం ఏ కెమెరా చూడలేదు.

రెక్కాడితేగాని డొక్కాడని ఇళ్లలో త్యాగం లెక్కే వేరు. క్రికెటర్ మహమ్మద్ సిరాజ్ తండ్రి హైదరాబాద్‌లో ఆటో నడిపారు. హర్డిల్స్ రన్నర్ జ్యోతి యర్రాజీ తండ్రి విశాఖలో సెక్యూరిటీ గార్డు. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన రన్నర్ జీవంజి దీప్తి తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. పుట్టుకతోనే మేధోపరమైన వైకల్యం ఉన్న ఆ అమ్మాయిని చూసి చుట్టుపక్కల వాళ్లు మాటలనేవారు. హైదరాబాద్‌లో శిక్షణకు పిలిచినప్పుడు బస్సు చార్జీలకూ కటకటే. ఆ దీప్తి 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు సాధించింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఒకప్పుడు ఇల్లు గడవక అమ్ముకున్న పొలాన్ని ఆమె గెలిచిన డబ్బుతోనే తిరిగి కొన్నారు.

పద్ధతిగా శిక్షణ ఇచ్చే చోట్లు లేకపోలేదు. హకీంపేట క్రీడా పాఠశాల 1993 నుంచి పిల్లలకు చదువు, తిండి, శిక్షణ ఒకేచోట ఇస్తోంది. పేదింటి పిల్లలకు అది పెద్ద ఆసరా. గచ్చిబౌలిలో బాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ అకాడమీకి ప్రభుత్వం స్థలం ఇచ్చింది, పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్ల రూపాయలిచ్చారు. అయినా చాలక గోపీచంద్ ఇల్లు తాకట్టు పెట్టారు. అకాడమీ నిలబడటానికి కూడా ఒక కుటుంబం తన గూటినే పణంగా పెట్టాల్సి వచ్చింది.

ప్రభుత్వాల డబ్బు ఎక్కువగా గెలిచాకే వస్తుంది. ఒలింపిక్ స్వర్ణానికి కేంద్రం 75 లక్షలు, రజతానికి 50 లక్షలు, కాంస్యానికి 30 లక్షల రూపాయలిస్తుంది. సింధుకు ఆంధ్రప్రదేశ్ డిప్యూటీ కలెక్టర్ పదవి, బాక్సర్ నిఖత్ జరీన్‌కు, సిరాజ్‌కు తెలంగాణ డీఎస్పీ పదవులు ఇచ్చాయి. గెలవకముందే చేయూతనివ్వడానికి ఖేలో ఇండియా పథకంలో శిక్షణతోపాటు నెలకు 10 వేల రూపాయలిస్తారు. అయితే ఆ ఎంపికకు నిలవాలంటే పిల్లలు అప్పటికే జాతీయ స్థాయికి దగ్గరగా ఉండాలి. అక్కడిదాకా తీసుకురావాల్సింది ఇల్లే. మోకాలి గాయంతో పదిహేడేళ్లకే ఆట ఆగిపోయిన పిల్లలకు పతకమూ ఉండదు, క్రీడా కోటా ఉద్యోగమూ రాదు. చదువు అప్పటికే వెనకబడి ఉంటుంది. అన్న ఆటకు పెట్టిన డబ్బు వల్ల చెల్లెలి కాలేజీ చదువు ఆగితే, ఆ లెక్క ఏ పథకంలోనూ చేరదు.

ఇంటిని తాకట్టు పెట్టి అకాడమీ కట్టిన గోపీచందే 2025 ఫిబ్రవరిలో, ధనవంతులైతే తప్ప పిల్లల్ని ఆటల్లోకి పంపవద్దని బహిరంగంగా చెప్పారు.