సూది మీద అక్షరాలు

తొమ్మిదో తరగతికి గాలి పీడనం పాఠం చెబుతూ బల్ల మీద ఒక కార్బొరేటరు పెట్టాను. నిజానికి పాఠానికి దాని అవసరం లేదు. నెల రోజులుగా ఇంటి వెనక రేకుల షెడ్డులో దానితోనే కాపురం చేస్తున్నాను కాబట్టి ఎవరికో ఒకరికి చూపించుకోవాలని నా ఉబలాటం. వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు.

"సార్, ఇంజన్‌కి ఎంత పెట్రోలు కావాల్నో దీనికెవరు చెప్తరు?"

"యాక్సిలరేటర్" అంది ముందు బెంచీ పిల్ల.

"అది గాలికే గదా సార్, ఇందాక మీరే అంటిరి."

వాడన్నది అక్షరాలా నిజం. పాత పెట్రోలు బండిలో మనం కాలితో తొక్కేది గాలి తలుపును. పెట్రోలు సంగతి మన కాలికి తెలియదు. కానీ ఇంజన్‌కి మాత్రం బరువులో పెట్రోలు ఒక పాలైతే గాలి దాదాపు 15 పాళ్లు పడాలి. నెమ్మదిగా నడిచినా, గట్టెక్కినా ఆ లెక్క పెద్దగా తప్పకూడదు. మరి లెక్క చూసేదెవరు?

జవాబు చెప్పేలోగా గంట కొట్టారు. ఆ బాకీ తీర్చడానికే ఈ వ్యాసం.

ముందు బండి సంగతి. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లొదిలాక మా వైపు వరి పెరిగింది, వరితోపాటు మిర్యాలగూడలో రైసు మిల్లులు పెరిగాయి, మిల్లుల ముందు అంబాసిడర్లు నిలబడ్డాయి. అలా నిలబడిన వాటిలో ఒకటి, యజమాని పోయాక, ఊక కుప్ప పక్కన ఇరవై ఏళ్లు పడి ఉంది. దాన్ని మా బావమరిది కొన్నాడు. కొన్నది ఆయన, నేరేడుచర్లకు లాగించి మా షెడ్డులో పెట్టించింది ఆయన, ఇప్పుడు రోజూ అందులోంచి ఊక తీస్తున్నది నేను.

ఆర్సీ పుస్తకంలో 1969 అని ఉంది. అంటే మార్క్ 2 అయి ఉండాలి, దానికి ముందు చిన్న గళ్ల గ్రిల్ ఉండాలి. మా దానికేమో అడ్డపట్టీల గ్రిల్, గుండ్రటి ఇండికేటర్లు. అవి 1975లో వచ్చిన మార్క్ 3వి. మొహం మార్క్ 3, పేగులు మార్క్ 2 అన్నమాట. ఎప్పుడో ఎక్కడో గుద్దుకుంటే చేతికి దొరికింది బిగించి ఉంటారు. పాత బండిని మళ్లీ నిలబెట్టే పనిలో సగం ఇలాంటి కూపీ లాగడమే.

సామాన్ల కోసం మా దారి కోదాడ మీదుగా విజయవాడ ఆటోనగర్‌కి, లేదంటే సికింద్రాబాద్ రాణిగంజ్‌కి. ఎక్కడికెళ్లినా "ఒరిజినలేనా?" అంటే "ఒరిజినలే" అంటారు. అబద్ధం కాదు, మా ఇద్దరి నిఘంటువులు వేరు. కొట్లో ఒరిజినల్ అంటే డూప్లికేట్ కానిది. నా ఒరిజినల్ అంటే ఆ ఏడు ఆ ఫ్యాక్టరీలోంచి ఆ బండితో పాటు బయటికొచ్చిన రకం. తేడా పట్టుకోవాలంటే సామానునే అడగాలి. లూకాస్ వాళ్ల డైనమో అయితే ఒంటి మీదే పుట్టినరోజు చెక్కించుకుని ఉంటుంది: నెలో వారమో, పక్కన ఏడు. మసి మీద కిరసనాయిలు గుడ్డతో రుద్దితే అంకెలు తేలుతాయి.

బోల్టులు ఇంకా ముచ్చటైనవి. 1841లో ఇంగ్లండులో విట్‌వర్త్ అనే ఆయన మర కోణం 55 డిగ్రీలుండాలన్నాడు. 1864లో అమెరికాలో సెల్లర్స్ 60 అన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకరి నట్టు ఇంకొకరి బోల్టుకు ఎక్కక తిప్పలు పడ్డాక, 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కూర్చుని 60కి రాజీపడ్డాయి. ఆ రాజీ పాత బ్రిటిష్ బళ్లలో ఇంకా పూర్తి కాలేదు. ఇంజన్‌కి కొత్త మర, కార్బొరేటరు స్క్రూలకూ కరెంటు సామాన్లకూ పాత మరలు. 5/16 అంగుళం బోల్టులో పాత బ్రిటిష్ సన్నమరకు అంగుళానికి 22 చుట్లు, కొత్తదానికి 24. చూపుకు కవలలు. ఒకదాని మీద ఇంకొకటి రెండు చుట్లు హాయిగా తిరిగి మూడోదానికి బిర్ర బిగుస్తుంది. అక్కడ పానాకి పైపు తగిలించి తిప్పేవాళ్లుంటారు. వాళ్లు తిప్పిన బోల్టులన్నీ మా షెడ్డులో ఒక డబ్బాలో ఉన్నాయి. బోల్టు తల మీద గుండ్రటి గుంట గానీ, పక్కన గొలుసులా సున్నాలు గానీ కనిపిస్తే కొత్త మర అని గుర్తు.

సరే, కార్బొరేటరు.

మా దాని మీద ఎస్‌యూ అని పోత పోసి ఉంది. స్కిన్నర్స్ యూనియన్. లండన్‌లో చెప్పుల వ్యాపారం చేసే లిల్లీ అండ్ స్కిన్నర్ కుటుంబంలో పుట్టిన జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్‌కు కార్ల పిచ్చి. 1905లో పేటెంటుకు వెళ్లిన ఆయన కార్బొరేటరులో ఇప్పటి పిస్టన్ లేదు, తోలు తిత్తి ఉంది! ఇంట్లో తోలుకు కొదవలేదు మరి. తర్వాత తోలు పోయి లోహం వచ్చింది గానీ ఆలోచన అదే.

ఆ ఆలోచన అర్థం కావాలంటే అన్నం గిన్నె చాలు. ఎసరు మరిగేటప్పుడు మూత కొంచెం లేచి ఆవిరిని వదులుతుంది. మంట పెంచితే ఇంకొంచెం లేస్తుంది, తగ్గిస్తే దిగుతుంది. ఆవిరి ఎంత పోతున్నా లోపలి ఒత్తిడి మాత్రం ఇంచుమించు ఒక్కటే, ఎందుకంటే దాన్ని తూచేది మూత బరువు, ఆ బరువు మారదు. ఎస్‌యూ కార్బొరేటరు ఆ మూతే. కాకపోతే ఇక్కడ తోసేది ఆవిరి కాదు, ఇంజన్ పీల్పు.

గాలి వెళ్లే గొంతులో ఒక పిస్టన్ పైనుంచి కిందికి వేలాడుతుంటుంది. దాని నెత్తిన గోపురంలాంటి మూత. పిస్టన్ అడుగునున్న చిల్లుల ద్వారా ఇంజన్ పీల్పు గోపురంలోకి చేరుతుంది. మనం యాక్సిలరేటర్ తొక్కగానే పీల్పు పెరిగి పిస్టన్ లేస్తుంది, గొంతు వెడల్పవుతుంది, గాలి ఎక్కువ వెళుతుంది. పిస్టన్ బరువూ దాని మీది స్ప్రింగూ తూకం వేస్తున్నాయి కాబట్టి గొంతులో గాలి వేగం మాత్రం దాదాపు మారదు. కాలువ షట్టరు దానంతటదే లేచి, ఎన్ని నీళ్లు వదిలినా ప్రవాహం వేగం ఒకేలా ఉండేట్టు చూసుకుంటే ఎలా ఉంటుందో అలా.

వేగం మారకపోతే పెట్రోలును లాగే బలమూ మారదు. అంటే పెట్రోలు ఎంత రావాలన్నది ఇక ఒక్క బెజ్జం సైజు మీద ఆధారపడుతుంది. ఆ బెజ్జంలోనే ఉంది నేను నెల రోజులుగా నిద్రపోకపోవడానికి కారణమైన సూది.

పిస్టన్ కిందినుంచి ఒక సన్నటి సూది దిగి జెట్టులో కూర్చుంటుంది. జెట్టు బెజ్జం 0.090 అంగుళం. సూది పైభాగం మందం 0.089. అంటే చుట్టూ మిగిలే సందు అర వెయ్యోవంతు అంగుళం, తలవెంట్రుకలో ఐదోవంతు కూడా ఉండదు. ఇంజన్ ఊరకే నిలబడి తిరిగేటప్పుడు తాగే పెట్రోలంతా ఆ సందులోంచే రావాలి. సూది కిందికి పోనుపోను సన్నబడుతుంది. పిస్టన్ లేచేకొద్దీ సన్నటి భాగం జెట్టులోకి వస్తుంది, సందు పెరుగుతుంది. మందం 0.075కు తగ్గిన చోట లెక్క వేసి చూశాను, సందు వైశాల్యం దాదాపు 14 రెట్లయింది.

ఇంత గాలికి ఇంత పెట్రోలు అని గ్రాఫు కాగితం మీద గీసిన గీతను లేతు మీద పెట్టి తిప్పితే ఈ సూది వస్తుంది. ప్రతి 1/8 అంగుళానికీ ఒక కొలత. వందల రకాల సూదులు, ఒక్కో ఇంజన్‌కి ఒక్కోటి, ఒక్కోదాని మొదట్లో కంటికి ఆనని అక్షరాలు. మామూలు కంటికి అన్నీ ఒకటే. మన మెకానిక్కులకు దొరికింది వేయడమే తెలుసంటే తప్పు వాళ్లది కాదు, అన్ని సూదులు కోదాడకు వస్తే కదా!

దీని ప్రత్యర్థి ఫ్రాన్సు నుంచి వచ్చిన సోలెక్స్. అందులో గొంతు మారదు, అందుకని గాలి వేగం మారుతూ ఉంటుంది, ఆ మార్పును సర్దడానికి నిదానానికి ఒక జెట్టు, పరుగుకు ఒక జెట్టు, గాలి కలపడానికి ఇంకొకటి. ఠపీమని తొక్కితే పెట్రోలు చిమ్మడానికి ఒక పంపు. ఎస్‌యూలో పంపు లేదు. పిస్టన్ కాడలో పోసిన నాలుగు చుక్కల ఆయిలు పిస్టన్‌ని గబుక్కున లేవనివ్వదు, ఆ క్షణంలో గొంతు ఇరుకై పీల్పు పెరిగి పెట్రోలే ఎక్కువ వస్తుంది. చలికి వేరే చోక్ తలుపు కూడా లేదు. చోక్ లాగితే జెట్టే కిందికి దిగుతుంది, సూది సన్నటి భాగం ఎదురవుతుంది, అంతే. సోలెక్స్‌ది ఉమ్మడి కుటుంబం, ఎస్‌యూ ఒంటికాపురం. మన దగ్గర చాలా అంబాసిడర్లకు ఎస్‌యూ పీకేసి సోలెక్స్ ఎక్కించారు. ఒకసారి సెట్ చేస్తే కదలదని వాళ్ల వాదన. ఆయిలు పోయడం మరిచి "పికప్ లేదు" అని ఎస్‌యూని తిట్టినవాళ్లను నేను చూశాను కాబట్టి ఆ వాదన నాకు ఎక్కదు.

నా తప్పు కూడా చెప్పాలి. గోపురం లోపల ఊకదుమ్ము నల్లగా పేరుకుని ఉంటే, అద్దంలా ఉండాలని ఎమరీ పేపర్‌తో రుద్దాను. తళతళలాడింది. బండి నల్లపొగ కక్కింది. పిస్టన్ గోపురాన్ని తాకకుండా, గాలి మాత్రం ఎక్కువ జారకుండా ఫ్యాక్టరీలో జత కుదిర్చి ఉంటారు. నేను రుద్దినంత మేరా గాలి జారిపోయి, పిస్టన్ లేవాల్సినంత లేవడం మానేసింది.

అలా ఆటోనగర్‌లో ఒక తుక్కు కొట్లో ఒక పూటంతా కూర్చోవాల్సి వచ్చింది. పిస్టన్లు ఒక గోనెసంచిలో, గోపురాలు ఇంకొక సంచిలో. జతలు విడిపోయిన కాపురాలన్నమాట. సైజు కనుక్కోవడం తేలిక: ఎస్‌యూ పేరు చివరి అంకె, అంగుళం మీద ఎన్ని ఎనిమిదో వంతులో చెబుతుంది. మాది 2, అంటే ఒకటింపావు అంగుళం. జత కనుక్కోవడమే కష్టం. స్ప్రింగు తీసి, పిస్టన్ చిల్లులు రబ్బరుతో మూసి, తలకిందులుగా పట్టుకుని గోపురాన్ని వదలాలి. ధబ్బున పడితే వదులు, మధ్యలో ఆగితే రాసుకుంటోంది, నెమ్మదిగా నిట్టూర్చినట్టు జారితే జత. ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెడుతూ కూర్చున్నాను.

"ఏంటి మాస్టారూ, మంత్రమా?" అన్నాడు కొట్టాయన.

పదిహేడో జత నాలుగు లెక్కపెట్టేదాకా జారింది. ఆయన కూడా నాతోపాటు లెక్కపెట్టాడు, తూకానికి కాక జతకు ఇంత అని ధర చెప్పాడు.

ఆ పిస్టన్‌లో ఒక సూది ఉంది. మా పాతదానిలో ఇంకొకటి. పక్క స్క్రూ వదులు చేసి రెండూ తీసి, గడియారాల కొట్టాయన కంటికి పెట్టుకునే అద్దం అరువు తెచ్చుకుని చూశాను. ఏ కారుకు ఏ సూదో చెప్పే పట్టికలో మా పాత సూది అక్షరాల పక్కన వేరే కారు పేరు ఉంది. మిల్లు దగ్గర ఆ బండి ఎందుకంత తాగేదో, పోయిన యజమాని డ్రైవర్‌ను ఎందుకు అనుమానించేవాడో, అప్పుడర్థమైంది. తుక్కులో వచ్చిన సూది మీది అక్షరాలు మాకు కావలసినవే. అదృష్టం ఎప్పుడో ఒకసారి మాస్టర్ల మొహం కూడా చూస్తుంది.

మిగతా కథ గబగబా. 1926లో విలియం మోరిస్ ఎస్‌యూని కొన్నాడు. ఆయన కంపెనీ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డే ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ చేతిలో అంబాసిడర్ అయింది. యుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానాల్లోనూ ఎస్‌యూ పేరున్న కార్బొరేటరే. మన సూది రకం కాదు గానీ, పెట్రోలు మట్టాన్ని తేలుతూ చూసుకునే ఫ్లోట్ ఉన్నదే. విమానం ముక్కు దించగానే పెట్రోలు తలకిందులై ఇంజన్ తడబడేది, జర్మన్ల ఇంజన్‌కి ఇంజెక్షన్ ఉంది కాబట్టి తడబడేది కాదు. 1941లో బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజినీరు, బెజ్జమున్న చిన్న లోహపు బిళ్లతో దాన్ని చాలావరకు సర్దేసింది. నన్నడిగితే దాని మీద సినిమా తీయొచ్చు. 2014లో అంబాసిడర్ ఆగింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు రాగానే కొత్త బళ్లలో కార్బొరేటరు దాదాపు లేకుండా పోయింది. అప్పటిదాకా క్లాసిక్ 350 బుల్లెట్‌లో పిస్టన్ కింద వేలాడింది ఇదే సూది, పిస్టన్‌కి రబ్బరు పొర తోడైంది అంతే.

ఆదివారం ఆ పిల్లవాణ్ని షెడ్డుకు రమ్మన్నాను. జవాబు చెప్పాను. వాడు సూదిని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"మరి ఈ సూదికెవరు చెప్పిన్రు సార్?"

ఎవరో ఫ్యాక్టరీలో ఇంజన్ నడిపి, సూది రాకి, మళ్లీ నడిపి, మళ్లీ రాకి, చివరికి కొలతలు రాసుకుని ఉంటారని చెప్పాను. వాడికి ఇది నచ్చింది.

ఇంజన్ స్టార్ట్ చేశాను. కార్బొరేటరు పక్కనున్న చిన్న పిన్ను మీద వాడి వేలు పెట్టించి, పిస్టన్‌ని మిల్లీమీటరు కన్నా తక్కువ లేపి వినమన్నాను. చప్పుడు ఒక్క క్షణం పెరిగి సర్దుకుంటే లెక్క సరి. పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ. ఆగిపోబోతే తక్కువ.

వాడు కళ్లు మూసుకుని విన్నాడు.

"పెరిగింది, తగ్గుతలేదు సార్."

జెట్టు కింది నట్టుకు పానా పెట్టి, ఆరు పలకల్లో ఒక్క పలక పైకి తిప్పమన్నాను.