పండగయ్యాక మిగిలిన మందుగుండు

దీపావళి కొట్టుకి సరుకు రాకముందే మా ఆయన ఇసుక తోలిస్తాడు. తర్వాత రేకులు, ఇనప గొట్టాలు, నీళ్ల డ్రమ్ములు, మంటలార్పే సిలిండర్లు వస్తాయి. టపాసులు దిగేది అన్నిటికన్నా ఆఖర్న. శృంగవరపుకోటలో మాది ఫ్యాన్సీ, స్టేషనరీ కొట్టు. పండగ నాలుగు రోజులు మాత్రం ఊరి చివర ఖాళీ స్థలంలో తాత్కాలిక లైసెన్సు మీద మందుగుండు సామాను అమ్ముతాం. టపాసుల మీద ఆంక్షలు అనగానే అమ్మేవాళ్లందరికీ గిట్టవని జనం అనుకుంటారు. నాకు ఆంక్షలు కావాలి. ఇప్పుడున్నవాటికి ఇంకా కొన్ని చేర్చాలని కూడా నా కోరిక. ఎక్కడ చేర్చాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా ఎస్.కోట విశాఖ నుంచి అరకు వెళ్లే దారిలో, కొండల మొదట్లో ఉంటుంది. జామి, వేపాడ, ఎల్.కోట మండలాల వాళ్లూ, పైన అనంతగిరి గూడేల వాళ్లూ సరుకులకి ఇక్కడికే వస్తారు. నా కొట్లో కొన్న చిచ్చుబుడ్డి ఊళ్లో డాబా మీదే వెలగాలని లేదు. పూరిల్లూ పశువుల సాలా గడ్డికుప్పా పక్కపక్కనే ఉన్న ఏ పల్లెలోనో వెలగొచ్చు. అక్కడ నిప్పంటుకుంటే ఫైరింజను కోట నుంచి వెళ్లాలి. అందుకని ఎవరికి ఏం అమ్ముతున్నానో చూసుకోవడం నాకు వ్యాపారం కన్నా పెద్ద విషయం.

లైసెన్సు సంగతి చాలామందికి తెలియదు. టపాసులన్నీ 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కిందికి వస్తాయి. ఇప్పుడు అమల్లో ఉన్న నియమాలు 2008లో వచ్చాయి. తయారీ కేంద్రాలనీ పెద్ద గోదాములనీ చూసే కేంద్ర సంస్థ పెసో, దాని ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంది. మాలాంటి పండగ కొట్లకి మాత్రం జిల్లా యంత్రాంగమే అనుమతి ఇస్తుంది. దరఖాస్తు పెట్టి, చలానా కట్టి, రెవెన్యూ, పోలీసు, అగ్నిమాపక శాఖలు సరేనన్నాక కాగితం చేతికొస్తుంది. ఎంత సరుకు ఉంచుకోవచ్చో, ఏ తేదీ దాకా అమ్మొచ్చో దాని మీదే రాసి ఉంటుంది. ఆ కాగితాన్ని కొట్టు గుంజకి అందరికీ కనపడేటట్టు కడతాను.

కొట్టు వేసే పద్ధతికి లెక్కలున్నాయి. షెడ్డు మండని సామానుతో కట్టాలి, చుట్టూ మూసి ఉండాలి. ఒక కొట్టుకీ ఇంకోదానికీ కనీసం 3 మీటర్ల ఎడం, ఇళ్లకీ జనం మసలే కట్టడాలకీ 50 మీటర్ల దూరం ఉండాలి. ఒకేచోట 50 కొట్లకి మించకూడదు. కిరసనాయిలు దీపాలూ గ్యాసు లైట్లూ పనికిరావు. కరెంటు దీపం గోడకో పైకప్పుకో బిగించి ఉండాలి, వేలాడే తీగలు ఉండకూడదు. కొట్లకి 50 మీటర్ల లోపల ఒక్క టపాసు కూడా కాల్చి చూపించకూడదు. ఏ కొట్టూ ఇంకో కొట్టుకి ఎదురుగా ఉండకూడదన్నది నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం. మంట లేచినప్పుడు కొట్టు తెరిచి ఉన్న ముఖంలోంచే తారాజువ్వలు బయటికి దూసుకొస్తాయి. ఎదురుగా ఇంకో కొట్టు నోరు తెరుచుకుని ఉంటే సూటిగా అందులోకే పోతాయి.

"ఇదేటమ్మా, ఊరవతల ఎట్టేరు? బజార్లో కొట్లోనే అమ్మేస్తే పోదా?" అని ఓ పెద్దాయన ఏటా అడుగుతాడు. "ఆ కొట్టు మీ ఇంటిని ఆనుకుని ఉంటే ఏటి సేస్తావు తాతా?" అంటాను. మాట్లాడకుండా మనవడికి కాకరపువ్వొత్తులు కొనుక్కుని వెళ్తాడు.

విజయవాడ గాంధీనగర్‌లోని జింఖానా మైదానం సంగతి పేపర్లలో చదివే ఉంటారు. 2022 అక్టోబరు 23న, రేపు దీపావళి అనగా, అక్కడి టపాసుల కొట్లు అంటుకుని ఇద్దరు పనివాళ్లు సజీవంగా కాలిపోయారు. అది ఆరుబయలు మైదానం. అదే మంట పైన కాపురాలున్న బజారు కొట్లో లేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. మా పక్కవాళ్లలో ఎవరైనా ఎడం తగ్గించి రేకు ముందుకు జరిపితే నేను ఊరుకోను. గొడవైనా సరే, వెనక్కి జరిపిస్తాను.

ఇక పెట్టె చూడటం. నా దగ్గరికొచ్చే పిల్లలకి ముందు ఇదే నేర్పిస్తాను. చిచ్చుబుడ్డి పెట్టె తిప్పితే వెనకవైపు కంపెనీ పేరు, ఊరు, లైసెన్సు నంబరు, ఎలా కాల్చాలో, ఎంత మోత వస్తుందో ఉంటాయి. దేశంలో ఎక్కువ సరుకు తమిళనాడులోని శివకాశి నుంచే వస్తుంది కాబట్టి ఊరు పేరు దగ్గర సాధారణంగా అదే కనిపిస్తుంది. ఆకుపచ్చ ముద్ర, పక్కన క్యూఆర్ కోడ్ ఉంటే అది గ్రీన్ క్రాకర్. నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చెప్పిన పాళ్లలో చేసినది. పొగలో వచ్చే ధూళి మామూలు టపాసు కన్నా కనీసం 30 శాతం తగ్గాలన్నది దాని కొలత. పచ్చ ముద్ర చూసి పిల్లాడి చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయే తల్లిదండ్రులున్నారు. దయచేసి అలా చేయకండి. పొగ తగ్గుతుందే తప్ప వేడి తగ్గదు. చంటిపిల్లల చేతికిచ్చే కాకరపువ్వొత్తి మంటే వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. వెలుగు ఆరిపోయాక కూడా ఆ తీగ కాలుతూనే ఉంటుంది. దాన్ని నీళ్ల బకెట్లో వేసేదాకా పెద్దవాళ్లు పక్కనుండాలి.

ధర సంగతి కూడా చెప్పాలి. పెట్టె మీద వేసిన ధరకీ అమ్మే ధరకీ పొంతన ఉండదు. ఐదొందలు వేసిన పెట్టె వందకీ నూటయాభైకీ పోతుంది. ఆ గందరగోళంలో దొంగసరుకు అమ్మేవాడు ఇంకో పది తగ్గిస్తే జనం అటు వెళ్తారు. లైసెన్సు ఖర్చూ రేకుల అద్దే లేనివాడు తగ్గించి అమ్మగలడు మరి.

మోతకి 1999 నుంచి హద్దుంది. పేలిన చోటుకి 4 మీటర్ల దూరంలో కొలిస్తే 125 డెసిబెల్స్ దాటకూడదు. మనం మామూలుగా మాట్లాడుకునేది 60 దగ్గర ఉంటుంది. పది డెసిబెల్స్ పెరిగిందంటే శబ్ద తీవ్రత పదింతలైనట్టు లెక్క. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా టపాసులు కాల్చొద్దని సుప్రీంకోర్టు 2005 జూలైలో చెప్పింది. ఆసుపత్రులు, బడులు, కోర్టులు, గుళ్ల చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద ప్రాంతాల్లో పగలైనా కుదరదు. ఢిల్లీలో ముగ్గురు పసిపిల్లల తరఫున వేసిన కేసులో 2018 అక్టోబరు 23న ఇంకో పెద్ద తీర్పు వచ్చింది. పొగ తక్కువుండే టపాసులే అమ్మాలి, బేరియం వాడకూడదు, ఒకదానికొకటి అల్లిన సరాలు వద్దు, ఆన్‌లైన్‌లో అమ్మకూడదు, దీపావళి నాడు రాత్రి 8 నుంచి 10 దాకానే కాల్చాలి. బేరియం అంటే ఆకుపచ్చ వెలుగునిచ్చే రసాయనం, దాని పొగ ఊపిరికి చేటు.

వేల వాలాల సరాలు కోర్టు వద్దన్నా ఊరేగింపుల్లో పేలుతూనే ఉన్నాయి. పెళ్లిళ్లలో, గెలుపు ర్యాలీల్లో పిలిచి మరీ పేలుస్తారు. మా దగ్గర అడిగితే లేవంటాం. వేరేచోట దొరుకుతాయని వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు. ఈ విషయంలో నాయకులు ముందు దారి చూపించాలి.

మోత హద్దు పండగని చంపేస్తుందనేవాళ్లకి ఒక సంగతి. బ్రిటన్‌లో 2004 నుంచి రాత్రి 11 దాటాక టపాసులు కాల్చడం నేరం. దీపావళి రాత్రి మాత్రం ఒంటిగంట దాకా అనుమతి ఉందని ఆ నియమాల్లోనే మన పండగ పేరు పెట్టి రాశారు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకి అమ్మనివ్వరు. అక్కడున్న మన తెలుగువాళ్లు ఆ హద్దుల్లోనే పండగ చేసుకుంటున్నారు.

నన్ను నిజంగా భయపెట్టేది పెట్టె లేని సరుకు. గుండ్రంగా కాగితం చుట్టి, దారం బిగించి, పాత న్యూస్‌పేపరులో పొట్లం కట్టి తెస్తారు. ఉల్లిపాయ బాంబులంటారు. పేరుండదు, ఊరుండదు. నిప్పు పెట్టక్కర్లేదు, నేలకేసి కొడితే పేలుతుంది. అదే దాని ఆకర్షణ, అదే దాని ప్రమాదం. విసిరితే పేలేది జారిపడినా పేలుతుంది, పొట్లంలో ఒకదానికొకటి ఒరుసుకున్నా పేలుతుంది. క్లోరేటు, గంధకం కలిపిన మందు రాపిడికే అంటుకుంటుందనే ఆ మిశ్రమాన్ని 1992లోనే దేశమంతా నిషేధించారు. 2024 అక్టోబరు 31న, సరిగ్గా దీపావళి నాడు, ఏలూరులో ఉల్లిపాయ బాంబులు తీసుకెళ్తున్న స్కూటరు గుంతలో పడింది. మూట అక్కడే పేలింది. ఒకరు చనిపోయారు, ఆరుగురు గాయపడ్డారు. ఆ తర్వాత కూడా మా కొట్టుకొచ్చి "ఆ ఉల్లిపాయలు లేవేటి?" అని అడిగే కుర్రాళ్లున్నారు. వాళ్లని కూర్చోబెట్టి ఏలూరు సంగతి చెప్తాను. కొందరు వింటారు.

సరుకు మోసుకెళ్లడం ఇంకో చిక్కు. కొండ మీదివాళ్లు కొన్నాక సంచి పట్టుకుని కిరండోల్ ప్యాసింజరు ఎక్కాలని చూస్తారు. రైల్లో టపాసులు తీసుకెళ్తే రైల్వే చట్టం కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. ఆర్టీసీ బస్సులోనూ ఎక్కనివ్వరు. ఇక మిగిలింది ఇరవైమందిని కుక్కిన జీపు. అందులోనే ఎవరో బీడీ వెలిగిస్తారు. అందుకే కొండవాళ్లకి చిన్నచిన్న పెట్టెలే ఇస్తాను, పెద్ద మూట కట్టను. గూడేలకి దగ్గర్లో పంచాయతీకొక చిన్న అనుమతి కొట్టు ఉంటే ఈ ప్రయాణమే తప్పుతుంది. అధికారులు ఆలోచించాలి.

ఇప్పుడు అసలు సంగతి. లైసెన్సు గడువు పండగతో అయిపోతుంది. మిగిలిన సరుకు ఎక్కడికి పోతుంది? అనుమతి ఉన్న గోదాముకి తిరిగి చేరాలి. మేం టోకు వ్యాపారికి తిరిగి ఇచ్చేస్తాం, కొన్న ధర రాదు, ఆ నష్టం భరిస్తాం. అందరూ భరించలేరు. నాలుగు రోజుల్లో నాగులచవితి ఉంది, మన వైపు ఆ సాయంత్రం కూడా టపాసులు కాలుస్తారు, అప్పటికి అమ్ముడుపోతుందన్న ఆశ ఒకటి. ఆ తర్వాత కార్తీక పౌర్ణమి, పెళ్లిళ్లు, జనవరి ఫస్టు, గ్రామదేవత పండగలు. అలా మూటలు అటక మీదికీ మంచం కిందికీ చేరతాయి. వంటగది గోడకి అవతల, గ్యాసు బండ పక్కన, పిల్లలు పడుకునే గదిలో ఏడాదంతా ఉంటాయి. పండగ కొట్టుకి 50 మీటర్ల దూరం లెక్కగట్టిన చట్టం ఈ అటక దగ్గరికి రావడం లేదు. తనిఖీలు పండగ ముందు జరుగుతాయి. పండగ మర్నాడు ఎవరూ రారు.

తయారీ కేంద్రాలదీ ఇదే వరస. 2014 అక్టోబరులో, దీపావళికి మూడు రోజుల ముందు, తూర్పు తీరంలోని వాకతిప్పలో పదిహేనుమందికి పైగా చనిపోయారు. అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలం కైలాసపట్నంలో 2025 ఏప్రిల్ 13న ఎనిమిదిమంది పోయారు. అప్పటికి దీపావళికి ఆరు నెలలుంది. అదే ఏడాది అక్టోబరు 8న కోనసీమ జిల్లా రాయవరంలో యజమానితో సహా కూలివాళ్లు కాలిపోయారు. మందు కలిపేది, కూరేది, ఎండబెట్టేది ఏడాది పొడుగునా పేద కూలివాళ్లే, చాలామంది ఆడవాళ్లు. నా కొట్లో వెలుగు అమ్ముతున్నానంటే దాని వెనక వాళ్ల చేతులున్నాయి. తనిఖీ అధికారి అక్కడికి పండగ నెలలోనే వెళ్తే చాలదు.

శిక్షలు కూడా చూడండి. అనుమతి లేకుండా తయారుచేస్తే మూడేళ్ల దాకా జైలు లేదా ఐదువేల జరిమానా. అనుమతి లేకుండా దాచినా, అమ్మినా రెండేళ్లు లేదా మూడువేలు. మూడువేలంటే పండగపూట ఒక్క గంట బేరం. ఆ మొత్తానికి ఎవరు భయపడతారు?

నా కోరికలు పెద్దవేం కావు. మండలానికొక చోట, ఊరికి దూరంగా, మిగులు సరుకు అప్పగించే గోదాము పెట్టండి. లైసెన్సు ఇచ్చేటప్పుడే తెచ్చిన సరుకు లెక్క రాయించుకుని, గడువు అయ్యాక మిగిలినదాని లెక్క అడగండి. పండగ మర్నాడు ఒక్కసారి తనిఖీకి రండి. ముందు నా కొట్టుకే రండి.

కొనేవాళ్లకి కూడా రెండు మాటలు. గుంజకి లైసెన్సు కాగితం కట్టని కొట్లో కొనకండి, పేరులేని పొట్లం ఊరికే ఇచ్చినా తీసుకోకండి. ఆ రాత్రి కాల్చగలిగినంతే కొనండి, అటక మీద దాచకండి. పేలని టపాసు మీదికి వంగి చూడకండి, నీళ్లు పోసి వదిలేయండి. కాలితే ఇరవై నిమిషాలు చల్లని పారే నీళ్ల కింద పెట్టండి. పసుపూ సిరా టూత్‌పేస్టూ రాయకండి. కంటికి తగిలితే నలపకుండా, ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. మంట లేస్తే 101కి ఫోన్ చేయండి. ఏ ఇంట్లోనైనా మూటలు దాచారని తెలిస్తే పండగ అయ్యేదాకా ఆగకుండా 112కి చెప్పండి.