గోచీ, పిల్లి, నోట్‌ప్యాడ్

నోట్‌ప్యాడ్ పుట్టింది రాసుకునేవాళ్ల కోసం కాదు, ఒకరకంగా ఎలుకను అమ్మడం కోసం. 1983లో మైక్రోసాఫ్ట్ తన మొదటి మౌస్‌ను 195 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అప్పట్లో డాస్ మీద పనిచేసేవాళ్లలో చాలామందికి ఆ వస్తువుతో ఏం చెయ్యాలో తెలీదు. ఇలా పట్టుకుని ఇలా నొక్కండి అని చూపించడానికి పెట్టెలో ఓ చిన్న రాత ప్రోగ్రాం కూడా పెట్టి ఇచ్చారు. దాని పేరు మల్టీ-టూల్ నోట్‌ప్యాడ్. దాన్ని తయారుచేసిన రిచర్డ్ బ్రోడీయే మైక్రోసాఫ్ట్ వర్డ్ తొలి రూపాన్నీ రాశాడు. రెండేళ్లకు, 1985లో వచ్చిన మొట్టమొదటి విండోస్‌లోకి నోట్‌ప్యాడ్ చేరింది. అప్పటినుంచీ అద్దెకొచ్చినవాడు సొంతదారైనట్టు అక్కడే ఉండిపోయింది.

ఏమీ రాయకుండా సేవ్ చేసిన నోట్‌ప్యాడ్ ఫైలు బరువు ఎంతో తెలుసా? సున్నా బైట్లు. అదే ఖాళీ వర్డ్ ఫైలును సేవ్ చేసి చూడండి, పది కిలోబైట్లకు పైమాటే. అక్షరం ముక్క రాయకముందే ఫాంటులు, మార్జిన్లు, రాసినవారి పేరు, తేదీ అన్నీ లోపల సర్దుకుని కూర్చుంటాయి. నోట్‌ప్యాడ్‌లో మీరు మార్చుకునే ఫాంటు మీ కంటికే గాని ఫైలుకు అంటదు. అందుకే వెబ్ పేజీలోంచి కాపీ చేసిన రంగుల అక్షరాలను ముందు నోట్‌ప్యాడ్‌లో వేసి, అక్కణ్నుంచి మళ్లీ కాపీ చేసుకునే అలవాటు ఆఫీసుల్లో చాలామందికుంది. దాన్ని రాసుకోవడానికి కన్నా జల్లెడగా వాడేవాళ్లే ఎక్కువేమో! తెలుగు పత్రికల డీటీపీ గదుల్లో ఈ జల్లెడ ఒక్కోసారి ఎదురుతిరుగుతుంది. 'అను' అనే ఫాంట్లలో టైపు చేసిన వార్తను అందులో వేస్తే తెలుగు మాయమై, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన గజిబిజి మిగులుతుంది. అక్కడ తెలుగు ఉన్నది ఫాంటు తొడుగులోనే. తొడుగు తీస్తే లోపల తెలుగు లేదు.

ఇలాంటి తేలికపాటి నోట్స్ యాప్‌ల గురించి వాడేవాళ్లు చెప్పే మెచ్చుకోళ్లు దాదాపు ఒకే మూసలో ఉంటాయి. నొక్కీ నొక్కకముందే తెరుచుకుంటుంది. లాగిన్ అడగదు. కొత్త సదుపాయాలు చూశారా అంటూ గుమ్మంలో నిలబెట్టదు. ఇంతవరకూ బాగానే ఉంటుంది. ఆ తర్వాతే ఓ "కానీ" వస్తుంది. అంతా బాగుంది కానీ ఒక్క ట్యాబులుంటేనా! ఒక్క బోల్డ్ ఉంటేనా! ఫోనుతో కలిసే వీలొక్కటి ఇస్తేనా! ఎవరడిగినా ఒక్కటే అడుగుతారు. చిక్కల్లా ఒకరి ఒక్కటి ఇంకొకరి ఒక్కటి కాకపోవడమే.

గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని పెంచిన సన్యాసి కథ మనకు తెలిసిందే. పిల్లికి పాల కోసం ఆవు, ఆవుకు గడ్డి కోసం పొలం, పొలం చూసుకోవడానికి ఇల్లాలు. అడవిలో మొదలైన కథ సంసారంలో తేలింది. నోట్‌ప్యాడ్‌దీ ఎలుకతో మొదలైన కథే కాబట్టి దాని సంసారం ఎలా పెరిగిందో చూద్దాం.

పాత నోట్‌ప్యాడ్‌లో అన్‌డూ ఒక్క మెట్టే. రెండోసారి కంట్రోల్-జెడ్ నొక్కితే చెరిపింది మళ్లీ వచ్చి కూర్చునేది. 2018 దాకా యునిక్స్ ఫైలు తెరిస్తే వరుసలన్నీ కలిసిపోయి ఒకే పొడవాటి తాడులా కనబడేవి. పాత టైపు మిషన్ల నాటి ఆచారం ఒకటి దానికి కారణం. బండిని వెనక్కి లాగడం, కాగితాన్ని ఒక వరుస పైకి జరపడం అనే రెండు పనులకూ విండోస్ రెండు గుర్తులు పెడుతుంది, యునిక్స్ ఒక్కదానితోనే సరిపెట్టుకుంటుంది. రెండు గుర్తులూ కనబడితేగాని వరుస మారిందని నోట్‌ప్యాడ్ ఒప్పుకునేది కాదు. విండోస్ 11 రోజుల్లో మాత్రం మార్పులు వరసకట్టాయి. నల్లటి తెర, ఎన్ని మెట్లయినా వెనక్కి వెళ్లే అన్‌డూ వచ్చాయి. 2023లో ట్యాబులు వచ్చాయి. సేవ్ చెయ్యకుండా మూసినా రాసింది పోకుండా ఉండే ఏర్పాటూ ఆ ఏడే వచ్చింది. 2024లో అక్షరదోషాలు పట్టే స్పెల్‌చెక్ చేరింది. 1983 నుంచి లెక్కేస్తే నలభై ఒక్కేళ్లకు! ఆ తర్వాత రాసినదాన్ని తిరగరాసిపెట్టే కృత్రిమ మేధ కూడా లోపలికొచ్చింది.

వాడేవాళ్లు సరిగ్గా ఇక్కడే రెండుగా చీలిపోయారు. ట్యాబులకు, ఆటోసేవ్‌కు పెద్దగా ఎవరూ ముఖం చిట్లించలేదు. కృత్రిమ మేధ బొత్తాం చూసి మాత్రం, చిత్తు కాగితానికి మాస్టారెందుకు అని విసుక్కున్నవాళ్లు బోలెడుమంది. నా ఓటూ వాళ్లకే. ఆ బొత్తాన్ని సెట్టింగుల్లో ఆపేసుకోవచ్చు, నిజమే. అయితే సెట్టింగులు వెతుక్కునే అవసరం లేకపోవడమే కదా ఇన్నాళ్లూ దాని గొప్ప!

ఇందులో అసలు తమాషా దాని అన్నలాంటి వర్డ్‌ప్యాడ్‌ది. విండోస్ 95 రోజుల్లో నోట్‌ప్యాడ్ పెద్ద ఫైళ్లను మొయ్యలేకపోయేది. అరవై నాలుగు కిలోబైట్ల దరిదాపుల్లోనే చేతులెత్తేసి, వర్డ్‌ప్యాడ్‌లో తెరవమంటారా అని అడిగేది. ఆ అన్నగారిని మైక్రోసాఫ్ట్ 2024లో వచ్చిన విండోస్ 11 రూపంలోంచి తీసేసింది. మరుసటేడు తమ్ముడికి బోల్డు, ఇటాలిక్, శీర్షికలు వచ్చాయి. అన్న చొక్కా తమ్ముడికి సరిపోయిందన్నమాట.

చిత్తు అనే మాట మన షావుకార్ల లెక్కల్లో ఉంది. ముందు చిత్తు, దాన్ని సాపు చేస్తే చిట్టా, ఆ పైన ఖాతాలవారీగా ఆవర్జా. చిత్తులో దస్తూరి బాగుండక్కర్లేదు, కొట్టివేతలున్నా పట్టింపు లేదు. నోట్స్ యాప్‌లు చేసేవాళ్లు చాలామంది చిత్తుగా మొదలుపెట్టి ఆవర్జాగా తేలతారని నా అనుమానం.

ఇక తెలుగు సంగతి. 2019కి ముందు విండోస్ నోట్‌ప్యాడ్‌లో తెలుగు టైపు చేసి సేవ్ నొక్కితే, ఆన్సీ అనే పాత పద్ధతిలో దాస్తే కొన్ని అక్షరాలు పోతాయని ఇంగ్లీషులో ఓ హెచ్చరిక వచ్చేది. చదివే ఓపిక లేక ఓకే అన్నారో, మళ్లీ తెరిచేసరికి పేజీ నిండా ప్రశ్నార్థకాలే. ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకూ ఒక్కో ప్రశ్నార్థకం. అవి మళ్లీ తెలుగుగా మారే దారి లేదు. 2019లో వచ్చిన విండోస్ 10 రూపం నుంచి, ఏమీ చెప్పకపోయినా అన్ని లిపులనూ పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలోనే దాచడం మొదలైంది. ఇంత చిన్న మార్పును అప్పట్లో ఎవరూ పండగ చేసుకోలేదు గాని, తెలుగులో రాసుకునేవాళ్లకు ట్యాబులకన్నా, స్పెల్‌చెక్‌కన్నా ఇదే పెద్ద వరం.

ఆ యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తుకు మూడు. "తెలుగు" అనే మాటలో మనం చదివేవి మూడు అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో అవి ఆరు గుర్తులు, పద్దెనిమిది బైట్లు. "శ్రీ" మనకు ఒక్క అక్షరం. లోపల మాత్రం శకారం, పొల్లు, రకారం, దీర్ఘం అని నాలుగు. అందుకే చాలా యాప్‌లలో శ్రీని వెనకనుంచి బ్యాక్‌స్పేస్‌తో చెరపాలంటే నాలుగు నొక్కులు కావాలి, ముందునుంచి డిలీట్ నొక్కితే ఒక్కసారికే పోతుంది. పోకలోనే గాని రాకలో తొందర లేదు శ్రీకి!

ఇప్పుడో దెయ్యం కథ. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో నోట్‌ప్యాడ్ తెరిచి, "బుష్ హిడ్ ద ఫ్యాక్ట్స్" అని ఇంగ్లీషులో రాసి, ఎంటర్ కొట్టకుండా సేవ్ చేసి మూసి తెరిస్తే ఆ మాటలు మాయమయ్యేవి. వాటి స్థానంలో తొమ్మిది చైనా అక్షరాలో, తొమ్మిది ఖాళీ డబ్బాలో కనబడేవి. బుష్ నిజాలు దాచాడని ఆ ఇంగ్లీషు వాక్యానికి అర్థం. ఇంకేముంది, అమెరికా ప్రభుత్వమే కంప్యూటర్లలో దూరిందని పుకారు పుట్టింది. అసలు సంగతి చప్పనిది. ఫైలు ఏ లిపిలో ఉందో దాని మీద రాసి ఉండదు కాబట్టి నోట్‌ప్యాడ్ ఊహించాలి. ఆ వాక్యంలో ఖాళీలతో కలిపి పద్దెనిమిది అక్షరాలు. వాటిని జతలుగా చదివితే తొమ్మిది చైనా అక్షరాలు అతికినట్టు కుదిరాయి. నాలుగు, మూడు, మూడు, ఐదు అక్షరాల మాటలతో ఉండే ఇంకొన్ని వాక్యాలకూ ఇదే గతి పట్టేది. విండోస్ విస్టా వచ్చాక దెయ్యం వదిలింది.

నోట్స్ యాప్‌లలో నాకు మహా ముచ్చటైనది 2002లో ఆపిల్ మ్యాక్‌కు వచ్చిన నోటేషనల్ వెలాసిటీ. అందులో "కొత్త నోటు" బొత్తాం లేదు, సేవ్ లేదు. పైన ఒకే గడి. టైపు చేస్తూ పోతే ఆ మాటలున్న పాత నోట్లు కింద తేలతాయి. అలాంటిదేమీ లేకపోతే ఎంటర్ కొట్టండి, అదే కొత్త నోటవుతుంది. వెతకడం, రాయడం వేరువేరు పనులు కావన్నమాట. దీన్ని ఒకసారి అలవాటు చేసుకున్నవాళ్లు ఇంకో యాప్‌లో ఇమడలేక, అదే పద్ధతిని అనుకరించే యాప్‌లను ఏళ్లతరబడి వెతుక్కున్నారు.

మరి ఆ ఒక్క గడిలో తెలుగు రాస్తే? "పాలు" అని వెతికితే "పాల లెక్క" దొరకదు. "ఇల్లు" అంటే "ఇంటి పన్ను" రాదు. "నెయ్యి" కోసం వెళ్తే "నేతి సీసా" మొహం చాటేస్తుంది. విభక్తి తగిలితే మాట రూపమే మారిపోయే భాష మనది, అక్షరానికి అక్షరం సరిచూసే వెతుకులాటకు అది లొంగదు. ఇంతకన్నా గడుసు విషయం ఇంకోటుంది. "నోట్‌ప్యాడ్" అనే మాటలో టకారప్పొల్లుకూ ప్యాకూ మధ్య కంటికి కనబడని గుర్తొకటి కూర్చుని ఉంటుంది. అది లేకపోతే పకారం టకారం కింద ఒత్తుగా దిగిపోతుంది. నోటు రాసేటప్పుడు ఆ గుర్తు పెట్టి, వెతికేటప్పుడు మరిచిపోయారా, యాప్ చేసినవాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించకపోతే ఫలితం సున్నా. దీని గురించి ఫిర్యాదు చెయ్యడమూ కష్టమే. కనబడనిదాన్ని ఏమని చూపిస్తాం?

అసలు నోటేషనల్ వెలాసిటీలోని వెతుకుతూ రాసుకునే ఆలోచన ఇంకా పాతది. 1979లో ఆపిల్‌లో మెకింతాష్ ప్రాజెక్టును మొదలుపెట్టిన జెఫ్ రాస్కిన్, అక్కడినుంచి బయటికొచ్చాక 1987లో కెనాన్ క్యాట్ అనే యంత్రం తెచ్చాడు. దానికి మౌస్ లేదు, బొమ్మలు లేవు, ఫైలు పేర్లే లేవు. లీప్ అనే మీట పట్టుకుని వెతికే మాటలో నాలుగక్షరాలు కొడితే కర్సరు అక్కడికి దూకేది. ధర 1,495 డాలర్లు. అమ్ముడైనవి సుమారు 20 వేలు. కొన్ని నెలల్లోనే దుకాణం కట్టేశారు. పాపం, పిల్లి పేరు పెట్టుకుని ఎలుక లేకుండా వచ్చింది.

మొదటి మెకింతాష్‌లోనూ (1984) ఒక నోట్‌ప్యాడ్ ఉండేది. దానికి ఎనిమిది పేజీలే. తొమ్మిదోది కావాలంటే ఉన్నవాటిలో ఒకదాన్ని చెరుపుకోవాల్సిందే. 1994లో మ్యాక్‌కు వచ్చిన స్టిక్కీస్‌ను జెన్స్ ఆల్ఫ్‌కీ అనే ఇంజనీరు ఖాళీ వేళల్లో సరదాకి రాసుకున్నాడు.

పొదుపులో అందరికీ పెద్దన్న ఈడీ. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన ఎడిటర్ ఇది. మీరు ఏ తప్పు చేసినా అది చెప్పేది ఒక్కటే, ప్రశ్నార్థకం. అప్పట్లో తెర ఉండేది కాదు. ప్రతి అక్షరాన్నీ టెలిటైపు నెమ్మదిగా కాగితం మీద కొట్టాలి కాబట్టి మాటల్లో పొదుపు తప్పలేదు. గేమ్ ఆఫ్ థ్రోన్స్ రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ఇప్పటి యంత్రాల చొరవ భరించలేక, ఇంటర్నెట్ లేని డాస్ కంప్యూటర్ మీద వర్డ్‌స్టార్ 4.0లో రాస్తానని 2014లో టీవీలో చెప్పాడు. తాను చిన్న అక్షరం కొడితే పెద్దదిగా మార్చేసే తెలివి ఆయనకు అక్కర్లేదట.

లైనక్స్‌లో టాంబాయ్ అనే చక్కటి నోట్స్ యాప్ ఉండేది. దాన్ని రాయడానికి వాడిన మోనో అనే పునాది మైక్రోసాఫ్ట్ పద్ధతుల మీద ఆధారపడిందని కొందరు కంగారుపడ్డారు. 2009లో టాంబాయ్‌నే ఇంకో భాషలో మళ్లీ రాసి జీనోట్ అని పేరు పెట్టారు. వాడేవాళ్లకు తెరమీద తేడా దాదాపు తెలీదు, పంచాయితీ మాత్రం చాలా రోజులు నడిచింది.

మామూలు టెక్స్ట్ ఫైలుకు జనం మళ్లీ మళ్లీ తిరిగి రావడానికి అందం ఒక్కటే కారణం కాదు, భయం కూడా. ఎవర్‌నోట్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాలకు 50 నోట్లు, ఒకే నోట్‌బుక్ అని గీత గీసినప్పుడు, నా నోట్లు నా డిస్కులోనే ఉండాలనే వాదానికి బలం వచ్చింది. నేను అంతకు చాలా ముందే దెబ్బతిన్నాను. ఓ చిన్న యాప్‌లో (పేరెందుకు లెండి) మూడేళ్ల నోట్లు పెట్టుకున్నాను. అది మూతపడేముందు మెయిలు పంపిందట, నేను చూసుకోలేదు. అందులో మా అమ్మ చెప్పగా రాసుకున్న ఆవకాయ కొలతలున్నాయి. మళ్లీ అడిగితే ఈసారి వేరే కొలతలు చెప్పింది.

అప్పటినుంచీ నా డెస్క్‌టాప్ మీద "చిత్తు" అనే ఫైలొకటే. నోట్‌ప్యాడ్‌లో ఎఫ్5 నొక్కితే ఆ క్షణం తేదీ, సమయం పడతాయి. ఫైలు మొదటి వరుసలో చుక్క పెట్టి, పక్కనే పెద్దక్షరాల్లో ఇంగ్లీషు లాగ్ అని రాస్తే, ఆ ఫైలు తెరిచిన ప్రతిసారీ చివర తేదీ, సమయం వాటంతటవే పడతాయి. దినచర్య రాసుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలని మురిసిపోయాను. ఇవాళ తెరిస్తే చివరి తేదీ కింద ఒకే మాట ఉంది: గ్యాస్. బుక్ చేశానో, చెయ్యాలనుకున్నానో మాత్రం రాసుకోలేదు.