పాత అంబాసిడర్‌లో ఒరిజినల్ పార్ట్ ఏదో గుర్తుపట్టడం, దాన్ని కాపాడుకోవడం ఎలా?

ఈరోజు టాపిక్ పాత కార్లు. షోరూమ్‌లో మెరిసేవి కావు, మన ఇళ్లల్లో షెడ్డు కింద టార్పాలిన్ కప్పుకుని ఉన్నవి. ముఖ్యంగా అంబాసిడర్. ఈ బండి రిపేర్‌కి వెళ్లినప్పుడు ఏది మార్చొచ్చు, ఏది పారేయకూడదు అన్నది చూద్దాం.

ముందు బండి పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో. ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే కారు ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు దీన్ని కోల్‌కతా పక్కన ఉత్తరపాడాలో తయారుచేశారు. 1950ల చివర్లో మొదలై 2014 మే నెలలో ఆగిపోయింది. అంటే కొత్త బండ్లు ఇక రావు. ఉన్నవాటిని కాపాడుకోవడమే.

ఇంజన్ మార్చేస్తే ఏం పోతుంది?

ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. వాళ్ల తాతగారి బండి, 1972 మోడల్. మెకానిక్ ఏమో, "ఈ ఇంజన్‌తో ఎందుకు బాబూ తిప్పలు, తీసేసి డీజిల్‌ది వేసేద్దాం, పాతది తుక్కుకి వేస్తే కొంత ఖర్చు కలిసొస్తుంది" అంటున్నాడట. "ఏం చేయమంటారు అన్నా?" అని అడిగాడు.

ఇక్కడ ఒక రూల్ తెలియాలి. 2021లో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన టూ వీలర్ గానీ, ఫోర్ వీలర్ గానీ, ఒరిజినల్ రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్ లాంటివాటిలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. అలాంటి బండికి ‘వీఏ’ అక్షరాలతో నంబర్ ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. రోజూ ఆఫీసుకి వేసుకెళ్లడానికి, కిరాయికి తిప్పడానికి మాత్రం కుదరదు.

1972 బండి ఆ 50 ఏళ్లు దాటేసింది. ఇప్పుడు వేరే ఇంజన్ వేశామంటే, సరిగ్గా అర్హత వచ్చాక మన చేతులతో మనమే పోగొట్టుకున్నట్టు. పైగా ఇంజన్ నంబర్ ఆర్సీలో ఉంటుంది. ఆర్టీవో అనుమతి లేకుండా మారిస్తే అదో తలనొప్పి.

కాబట్టి తమ్ముడికి నేను చెప్పింది ఇది. ఇంజన్ దించు, విప్పించు, బోరింగ్ చేయించు, పిస్టన్లు మార్పించు. బ్లాక్ అదే ఉంటుంది, దాని మీద నంబర్ అదే ఉంటుంది. తుక్కుకి మాత్రం వేయొద్దు. ఎందుకంటే అరిగిపోయినదాన్ని డబ్బు పెట్టి బాగు చేయించుకోవచ్చు, కానీ ఆ నంబర్ ఉన్న బ్లాక్ ఎక్కడా దొరకదు.

‘ఒరిజినలే సార్’ అంటే ఏంటి?

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగినా, విజయవాడ ఆటోనగర్‌లో అడిగినా, చెన్నై పుదుపేటలో, కోల్‌కతా మల్లిక్ బజార్‌లో అడిగినా ఒకటే మాట వినిపిస్తుంది: "ఒరిజినలే సార్." ఆ మాట వెనక నాలుగు వేరువేరు వస్తువులు ఉండొచ్చు.

ఒకటి, ఫ్యాక్టరీ నుంచి మీ బండితోనే వచ్చిన పార్ట్. రెండు, అప్పట్లో తయారై, ఇప్పటిదాకా వాడకుండా డబ్బాలోనే ఉండిపోయిన పాత స్టాక్. మూడు, ఇంకో పాత బండిలోంచి విప్పినది. నాలుగు, చూసి అచ్చు తీసి చేసిన లోకల్ మాల్. నాలుగోది కొనడం తప్పేం కాదు. దాన్ని మొదటిదాని రేటుకి కొంటేనే నష్టం.

ఒరిజినల్ అంటే ఆ ఏడాదికి ఒరిజినల్

చాలామంది ఇక్కడే తికమకపడతారు. 1972 బండిలో ఉండాల్సింది 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, స్టీరింగ్ పక్కన గేర్ రాడ్. దాంట్లో ఇసుజు 1800 ఇంజన్, కింద ఫ్లోర్ గేర్ కనిపించాయంటే తర్వాత ఎవరో మార్చినట్టే. కానీ అదే ఇసుజు ఇంజన్ 1990లలో వచ్చిన 1800 ఐఎస్‌జెడ్ మోడల్‌లో ఉంటే అది పక్కా ఒరిజినల్.

గ్రిల్ కూడా అంతే. మార్క్ 2కి దగ్గర దగ్గర గళ్లు ఉన్న గ్రిల్, మార్క్ 4కి చదరంగా ఉండే పార్కింగ్ లైట్లు. మార్క్ 2 మీద మార్క్ 4 గ్రిల్ ఉంటే అది హిందుస్థాన్ వారి పార్టే కావచ్చు, ఆ బండిది మాత్రం కాదు. అందుకే ముందు ఆర్సీలో తయారీ సంవత్సరం చూడండి, తర్వాతే పార్ట్ చూడండి.

రెండు రకాల నంబర్లు

కోడింగ్ తెలిసినవాళ్లకి ఇది ఈజీ. క్లాస్ వేరు, ఆబ్జెక్ట్ వేరు కదా, అలాగన్నమాట. ఇనుము పోతపోసేటప్పుడే అచ్చులోంచి ఉబ్బెత్తుగా వచ్చే నంబర్ ఒకటి ఉంటుంది. అది డిజైన్ నంబర్. ఆ డిజైన్‌తో పోసిన బ్లాకులన్నిటికీ అదే ఉంటుంది. రెండోది, తర్వాత సుత్తితో గుద్దినట్టు లోపలికి దిగి ఉండేది. అది ఆ ఒక్క ఇంజన్‌ది. ఆర్సీతో పోల్చాల్సింది ఈ రెండోదాన్నే.

ఆ నంబర్ చుట్టూ గ్రైండర్ గీతలు ఉన్నా, అంకెలు ఒక వరసలో లేకపోయినా, అక్కడ మాత్రమే కొత్త పెయింట్ ఉన్నా అనుమానించండి. దాన్ని వైర్ బ్రష్‌తో రుద్దొద్దు. కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో మెల్లగా తుడవండి చాలు.

కంటితో, చేత్తో తేల్చుకునేవి

బోల్టులు చూడండి. ఇది ఇంగ్లండ్ డిజైన్ కాబట్టి ఆనాటి బోల్టులు ఇంచుల కొలతలో ఉంటాయి. మిల్లీమీటర్ స్పానర్ సరిగ్గా పట్టిందంటే ఆ బోల్ట్ తర్వాత వచ్చినదేమో చూసుకోవాలి.

డోర్ ప్యానెల్ మీద పల్చటి గుడ్డ వేసి అయస్కాంతం జరపండి. ఒకచోట పట్టు వదిలిందంటే కింద మందంగా పుట్టీ ఉంది. అంబాసిడర్‌కి విడిగా ఛాసిస్ ఫ్రేమ్ ఉండదు, బాడీయే బలం. డోర్ల కింద అంచుల్లో తుప్పు దాచి పుట్టీ పెడితే అది అందం సమస్య కాదు, బండి నిలబడే సమస్య.

దాచేటప్పుడు

విప్పే ముందు ఫోటో తీయండి, బోల్టులు విప్పుతూ వీడియో తీయండి. ప్రతి పార్ట్‌కీ ఒక చీటీ కట్టండి: ఎటువైపుది, ఏ తేదీన తీశాం, ఏ బోల్టులు దానివి. ఒక బ్యాకప్ లాంటిదే ఇది. ఎప్పుడైనా వెనక్కి వెళ్లాలంటే దారి ఉండాలి.

ఇనుప సామాను కిరోసిన్‌తో కడిగి, బాగా ఆరనిచ్చి, పల్చగా ఇంజన్ ఆయిల్ పూసి, మైనం కాగితంలో చుట్టండి. తడి ఉండగా ప్లాస్టిక్ కవర్లో బిగిస్తే లోపలే చెమ్మ పట్టి తుప్పెక్కుతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇంకా జాగ్రత్త, డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లు వేయండి. రబ్బరు బీడింగ్‌కి ఎండ, ఆయిల్ రెండూ శత్రువులు. అద్దాన్ని పడుకోబెట్టొద్దు, కింద రబ్బరు ముక్కలు పెట్టి నిలబెట్టండి. సీటు గుడ్డ చిరిగినా ఒక ముక్క ఉంచండి, రేపు రంగు, నేత కలపడానికి అదే సాక్ష్యం.

ఒరిజినల్ పిచ్చి పనికిరాని చోట

బ్రేకులు, పెట్రోల్ పైపులు, టైర్ల దగ్గర మాత్రం సెంటిమెంట్ వద్దు. బ్రేక్ సిలిండర్ లోపలి రబ్బర్లు ఎంత ఒరిజినల్ అయినా 50 ఏళ్లవి నమ్మలేం. కొత్తవి వేయండి. పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం. ఎయిర్ కొట్టి ఎగరగొట్టనివ్వకండి, తడిగుడ్డతో తీయించండి. ఆ గుడ్డని కవర్లో మూటకట్టి పారేయండి.

బండిలో నడిచేవి భద్రంగా ఉండాలి, బండికి గుర్తింపు ఇచ్చేవి మనతో ఉండాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కాదు.

మెకానిక్ అన్నతో గొడవ కూడా అక్కర్లేదు. పని ఇచ్చే ముందే ఒక్క మాట చెప్పండి: "అన్నా, ఏది మార్చినా సరే, తీసిన సామాను మొత్తం గోనెసంచిలో వేసి నాకే ఇచ్చేయ్." చాలా పాత బండ్ల ఒరిజినల్ పార్టులు పోయేది దొంగతనంలో కాదు, ఈ మాట ఎవరూ చెప్పకపోవడం వల్ల.

ఈ ఆదివారం ఆర్సీ పట్టుకుని షెడ్డులోకి వెళ్లండి. ఇంజన్ నంబర్, ఛాసిస్ నంబర్ వెతికి, ఆర్సీతో సరిచూసి, ఫోటోలు తీసి క్లౌడ్‌లో పెట్టుకోండి. ఖర్చు సున్నా, టైమ్ అరగంట. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, అంతవరకూ బై.