రాకెట్ అంచున సీసం పట్టీ

బరువుల మాటెత్తితే శ్రీకాకుళం వాళ్లకు ముందు గుర్తొచ్చేది ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట. ఆ ఊరి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. టెన్నిస్‌లో తగువంతా మూడు నాలుగు గ్రాముల దగ్గరే. ఆ కాస్త బరువూ రాకెట్ చట్రం మీద ఎక్కడ అంటించాలన్నదే పేచీ.

భావనపాడు, కళింగపట్నం తీరాల్లో విసురువల వేసేవాళ్లకు ఇందులో సగం తెలుసు. బరువు గుళ్లన్నీ వల అంచునే కడతారు. అదే బరువు నడిమధ్య ఉంటే వల గుండ్రంగా విచ్చుకోదు.

మిగతా సగం హోవర్డ్ హెడ్ కథ. ఈ అమెరికన్ ఇంజినీరు విమానాల కంపెనీలో పనిచేసి, ఆపైన లోహపు స్కీలు అమ్మి బాగా గడించాడు. తీరిక దొరికాక టెన్నిస్ పట్టాడు గాని ఆట అబ్బలేదు. బంతి గట్ మధ్యలో కాక పక్కకు తగిలితే చాలు, రాకెట్ చేతిలో మెలి తిరిగేది. అంచులకు బరువు తగిలించి చూశాడు, తృప్తి కలగలేదు. బరువు పెంచడమెందుకు, అంచునే దూరం జరిపితే పోలేదా అనిపించింది. మెలికను అడ్డుకునే జడత్వ భ్రామకం దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దూరం రెట్టింపైతే అది నాలుగింతలు. అలా పుట్టిన పెద్ద తల ప్రిన్స్ రాకెట్‌కు 1976లో పేటెంట్ వచ్చింది. మొదట నవ్వినవాళ్లే తర్వాత కొన్నారు.

ఈలోగా కర్ర పోయి గ్రాఫైట్ వచ్చింది. 300 గ్రాములకే గట్టి చట్రం తయారైంది. తేలిక రాకెట్ ఊపడానికి హాయే గాని, బలమైన సర్వ్ ఎదురైతే వెనక్కి తూలుతుంది. దాంతో హెడ్ చాలదనుకున్న అతికింపు బరువే మళ్లీ అవసరపడింది. పీట్ సంప్రాస్ తన విల్సన్ ప్రో స్టాఫ్‌కు సీసం పట్టీలు అంటించుకుని ఆడేవాడు.

లెక్క చూడండి. రాకెట్ పొడవు 68.5 సెంటీమీటర్లు. స్వింగ్ వెయిట్‌ను, అంటే ఊపేటప్పుడు రాకెట్ చూపే జడత్వాన్ని, పిడి చివర నుంచి 10 సెంటీమీటర్ల దగ్గరున్న ఇరుసు చుట్టూ కొలుస్తారు. కొనన అంటించిన గ్రాము ఇరుసుకు 58.5 సెంటీమీటర్ల దూరం. దాని వర్గం 3,422, అంటే స్వింగ్ వెయిట్ కొలిచే కిలో-చదరపు సెంటీమీటర్లలో సుమారు 3.4 యూనిట్లు. అక్కడ నాలుగు గ్రాములు వేస్తే 300 గ్రాముల రాకెట్ తూకం ఒక శాతం పైచిలుకే పెరుగుతుంది. స్వింగ్ వెయిట్ మాత్రం, మొదట 320 అనుకుంటే, నాలుగు శాతం దాటుతుంది. అదే నాలుగు గ్రాములు ఇరుసు దగ్గరే పిడికి చుడితే స్వింగ్ వెయిట్ దాదాపు కదలదు.

పట్టీ చూడ్డానికేమంత గొప్పగా ఉండదు. వేలి గోరంత వెడల్పూ లేని బూడిదరంగు రిబ్బన్, వెనక జిగురు. కత్తెరతో కోసి, గడియారంలో 3, 9 అంకెలుండే చోట, చట్రం లోపలి వైపు గట్ పక్కన రెండు వైపులా సమానంగా నొక్కాలి. అక్కడైతే మెలిక తగ్గుతుంది, కొనన వేసినంతగా చెయ్యి బరువెక్కదు. కొత్తవాళ్లు కొన జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం, భుజం ఊరుకోదు. సీసం విషం కాబట్టి చేతులు కడుక్కోవాలి. అది ఇష్టం లేనివాళ్లకు టంగ్‌స్టన్ పట్టీలున్నాయి. టంగ్‌స్టన్‌కు సీసం కన్నా సాంద్రత ఎక్కువ, ధరా ఎక్కువే.

అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నిబంధనల్లో బరువు సర్దడానికి చట్రానికి అతికించేవాటికి అనుమతి ఉంది. పాయింట్ నడుస్తుండగా బరువును పిడి నుంచి కొనకు జరిపే ఏర్పాటుకు మాత్రం లేదు.