మన ఇంటి సైకిలు – మన బిడ్డ కాలు



ఆసుపత్రి పత్రికలో సైకిలు గురించి రాస్తున్నారేమిటని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. షుగరు, బి.పి., గర్భిణీల ఆహారం గురించి ఎన్నోసార్లు రాశాము. అయితే మా డ్రెస్సింగ్ రూములో కూర్చున్నవారికి ఒక సంగతి బాగా తెలుసు. ఇక్కడికి ఏడుస్తూ వచ్చే చిన్నపిల్లల్లో కొందరి గాయాలు నూనె లేని చైను వల్ల, అరిగిన బ్రేకు రబ్బరు వల్ల, వెనక చక్రానికి అడ్డు లేకపోవడం వల్ల వచ్చినవే. ఇవన్నీ ఇంటి అరుగు మీద అరగంటలో సరిచేసుకోదగినవి.

కొన్నేళ్ల క్రిందట ఒక తాతగారు అయిదేళ్ల మనవడిని ఎత్తుకుని వచ్చారు. బడినుంచి కాలవ గట్టు మీదుగా వస్తుండగా వెనక క్యారియరు మీద కూర్చున్న పిల్లవాడి కాలు చక్రంలో పడింది. మడమ వెనక చర్మం గీరుకుపోయి ఉంది, రక్తం ఎక్కువ లేదు. "ఆయ్, చిన్న గీతేనండి, మందు రాసేస్తే పోతాది" అన్నారు తాతగారు. మాకూ అలాగే అనిపించింది. కడిగి, కట్టు కట్టి, ధనుర్వాతం రాకుండా ఇంజక్షను చేయించి పంపించివేశాము. అయిదో రోజున కట్టు విప్పితే మడమ చర్మం నల్లగా చచ్చిపోయి ఉంది. చువ్వల మధ్య నలిగిన చర్మం మొదటిరోజు బాగానే కనబడుతుంది, లోపల రక్తనాళాలు చితికిపోయిన సంగతి మూడు నాలుగు రోజులకు గాని బయటపడదు. మరుసటి రోజే మళ్లీ రమ్మని చెప్పకపోవడం మా పొరపాటు. పిల్లవాడికి వారాల తరబడి డ్రెస్సింగులు, తరువాత తొడనుంచి చర్మం తీసి అతకడం అవసరమయ్యాయి. దేవుని దయవలన ఇప్పుడు చక్కగా నడుస్తున్నాడు.

వెళ్లేటప్పుడు తాతగారు ఒక ప్రశ్న వేశారు. "అమ్మగారూ, సైకిలుకి ఏం పెడితే ఇది జరగకుండా ఉంటాదండి?" మా దగ్గర జవాబు లేదు. గేటు దగ్గర ఉండే మా వాచ్‌మన్ ఉద్యోగంలోకి రాకముందు సైకిలు షాపులో పనిచేసిన మనిషి. ఆయనే జవాబు చెప్పాడు. ఈ వ్యాసంలో సగం ఆయన మాకు నేర్పిన విద్యే.

మన కోనసీమలో ఎక్కువగా కనబడే పెద్ద సైకిలు వెనక చక్రానికి సాధారణంగా 40 చువ్వలు, ముందు చక్రానికి 32 ఉంటాయి. మామూలు వేగంతో, అంటే గంటకు 12 కిలోమీటర్లు తొక్కితే, చక్రం సెకనుకు ఒకటిన్నర చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 60 చువ్వలు పిల్లవాడి మడమ పక్కనుంచి పోతున్నాయన్నమాట. క్యారియరు మీద కూర్చున్న పిల్లలకు కాళ్లు పెట్టుకునే చోటు ఉండదు. నిద్ర వస్తుంది, కాళ్లు జారతాయి. అందుచేత సైకిలుకు ఏదైనా కొత్తగా బిగించుకోవాలనుకుంటే రంగురంగుల కుచ్చులు, రెండో బెల్లు తరువాత చూసుకోవచ్చు. ముందు వెనక చక్రానికి రెండు వైపులా గార్డు పెట్టించండి. షాపులో వల గార్డు గాని చీర గార్డు గాని దొరుకుతుంది. దొరకకపోతే మందమైన ప్లాస్టిక్ డబ్బా పలక కోసి, అంచులు గరుకు కాగితంతో రుద్ది, క్యారియరు కడ్డీకీ ఫ్రేముకూ మూడు నాలుగు చోట్ల తీగతో గట్టిగా కట్టవచ్చు. చక్రం తిప్పి చూడండి, ఎక్కడా తగలకూడదు. తీగ కొసలు పిల్లల కాళ్లవైపు ఉండకూడదు. చేపల వల ముక్క మాత్రం కట్టవద్దు. అది ఊడితే తానే చక్రానికి చుట్టుకుంటుంది. గార్డుతోపాటు ఇరుసు దగ్గర పిల్లలు పాదాలు ఆనించుకునే ఫుట్‌రెస్టులు కూడా వేయించండి. కాళ్లకు చోటు దొరికితే అవి చక్రంవైపు పోవు.

ఆడపిల్లలున్న ఇళ్లవారు మరొక సంగతి గమనించాలి. 2017-18 ప్రాంతంలో బడికొస్తా పథకం కింద హైస్కూలు ఆడపిల్లలకు ఇచ్చిన సైకిళ్లు ఇంకా కొన్ని ఇళ్ల వసారాల్లో ఉన్నాయి. అక్క తరువాత చెల్లి తొక్కుతోంది. వాటికి చైను కవరు, గార్డు ఊడిపోయి ఉంటే ముందు అవి బిగించండి. చున్నీ చక్రంలో గాని చైనులో గాని పడితే క్షణంలో మెడకు బిగుసుకుంటుంది. సైకిలు ఎక్కేముందు చున్నీని నడుముకు ముడి వేసుకోమని చెప్పండి.

ఒకవేళ కాలు చక్రంలో పడితే లాగకండి. చక్రాన్ని మెల్లగా వెనక్కి తిప్పి వదులు చేయండి, రాకపోతే చువ్వలను కటింగ్ ప్లేయరుతో కత్తిరించండి. చువ్వలు మళ్లీ దొరుకుతాయి. గాయాన్ని శుభ్రమైన నీటిధార కింద కడిగి, ఉతికిన గుడ్డ కప్పి, కాలు ఎత్తుగా ఉంచి తీసుకురండి. కాఫీపొడి, పసుపు, సున్నం పెట్టవద్దు. అవి తీయడానికే మాకు అరగంట పడుతుంది, బిడ్డకు రెండోసారి నొప్పి. చిన్నపిల్లల్లో ఎముక కూడా విరిగి ఉండవచ్చు గనుక డాక్టరుగారు ఎక్స్‌రే అడిగితే డబ్బు కోసం అడిగారనుకోకండి. ఆపైన గాయం ఎంత చిన్నదైనా రెండో రోజున, అయిదో రోజున చూపించండి.

ఇక బ్రేకులు. మన గట్ల మీద ఒకవైపు కాలవ, మరొకవైపు పల్లంలో చేను. మలుపులో బ్రేకు పడకపోతే రెండింటిలో ఒకటే గతి. పాత సైకిళ్లకు కడ్డీ బ్రేకు ఉంటుంది. దాని రబ్బరు రిమ్ము లోపలివైపు పట్టుకుంటుంది. రబ్బరుకూ రిమ్ముకూ మధ్య మూడు మిల్లీమీటర్ల సందు చాలు. అంటే ఒక దానిమీద ఒకటి పెట్టిన రెండు నాణేలంత. నట్టు వదులుచేసి కడ్డీ సర్ది మళ్లీ బిగిస్తే సరిపోతుంది. రబ్బరు అరిగి ఇనుము కనబడుతుంటే ఆ రోజే మార్చండి. పరీక్ష సులువు. సైకిలు పక్కన నడుస్తూ వెనక బ్రేకు నొక్కండి, చక్రం తిరగడం ఆగి నేలమీద ఈడ్చుకుపోవాలి. రిమ్ముకు నూనె అంటితే బ్రేకు పనిచేయదు గనుక చైనుకు నూనె వేసేటప్పుడు రిమ్ము మీద పాతగుడ్డ కప్పండి. వానలో తడిసిన ఇనుప రిమ్ము మీద ఏ కొత్త రబ్బరు కూడా ఎండలో పట్టినట్టు పట్టదు. వాన రోజున మలుపుకు చాలా ముందుగానే బ్రేకు మెల్లగా నొక్కడం మొదలుపెట్టండి.

చైను సంగతికి వస్తే, మన ఇళ్లలో కొబ్బరి నూనెకు కొరత లేదు. అందుకే చాలామంది చైనుకు అదే పోస్తారు. వద్దు. అది సుమారు 24 డిగ్రీల వద్ద పేరుకుంటుంది. డిసెంబరు ఉదయాన సీసాలో గడ్డకట్టడం మీరే చూస్తారు, చైను లింకుల్లోనూ అదే జరుగుతుంది. పైగా దుమ్మును పట్టి ముద్ద చేస్తుంది. షాపులో దొరికే సైకిలు నూనె గాని కుట్టుమిషను నూనె గాని చాలు. ముందు కిరసనాయిలులో ముంచిన పాత పళ్లబ్రష్షుతో చైను రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, లింకుకు ఒక్క చుక్క చొప్పున వేయండి. కాసేపు పెడలు వెనక్కి తిప్పి, పైన మిగిలిన నూనె తుడిచివేయండి. లోపల ఉన్న నూనె పనిచేస్తుంది, పైన ఉన్నది మట్టిని పిలుస్తుంది. చైను మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం ఆడాలి. అంతకు మించి వేలాడుతుంటే వెనక ఇరుసు నట్లు వదులుచేసి చక్రాన్ని వెనక్కి జరపాలి. అరిగిందో లేదో తెలుసుకోవాలంటే పిల్లల స్కేలు అంగుళాల వైపు పెట్టండి. ఒక పిన్ను సున్నా దగ్గర ఉంటే 12 అంగుళాల దగ్గర సరిగ్గా మరొక పిన్ను ఉండాలి. అది అంగుళంలో ఎనిమిదో వంతు దాటిపోయి ఉంటే చైను మార్చవలసిందే. లేకపోతే ఫ్రీవీలు పళ్లు కూడా తినేస్తుంది.

ఈ పని చేసేటప్పుడు రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది వేలు. నాన్నగారు చైను తుడుస్తుంటే పక్కనున్న బాబు సరదాగా పెడలు తిప్పుతాడు. వేలికొన చైనుకూ చక్రపు పళ్లకూ మధ్య పడితే తెగిపోతుంది. తెగిన ముక్కను తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని ఐసులో పెట్టి వెంటనే తీసుకురండి. ముక్కను నేరుగా ఐసులో వేయకండి. రెండోది కిరసనాయిలు. మిగిలిన దాన్ని కూల్‌డ్రింకు సీసాలో పోసి గూట్లో పెడతారు. దాహం వేసిన పిల్లవాడికి అది కిరసనాయిలని ఎలా తెలుస్తుంది? తాగితే వాంతి చేయించకండి, ఉప్పునీళ్లు పట్టకండి. వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది. ఏమీ పెట్టకుండా తీసుకురండి. పని అయ్యాక మిగిలింది దాచకుండా ఉంటే అసలు గొడవే లేదు. కిరసనాయిలు దొరకడం లేదని పెట్రోలుతో కడుగుతున్నవారు పొయ్యికి, బీడీకి దూరంగా ఉండండి.

అంతర్వేది, ఓడలరేవు వైపువారికి ఉప్పుగాలి, రొయ్యల చెరువుల దగ్గరవారికి ఉప్పునీరు. ఇనుముకు రెండూ శత్రువులే. వారానికొకసారి పొడిగుడ్డతో తుడిచి, నట్ల మీద పలుచగా నూనె రాస్తే తుప్పు ఆగుతుంది. మోటారు గొట్టం పెట్టి కడగడం మంచిది కాదు, నీరు ఇరుసులోకి పోతుంది. 2022 జూలై వరదలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినప్పుడు లంకల్లో ఎన్నో సైకిళ్లు రోజుల తరబడి మునిగి ఉన్నాయి. పైన కడిగి ఎండబెట్టి ఊరుకున్నవారి ఇరుసుల్లో బాల్సు తుప్పుపట్టి గిర్రుమంటూ అరిగిపోయాయి. మునిగిన సైకిలుకు ఓవరాయిలింగు తప్పదు. ఇరుసులు విప్పి, బాల్సు కడిగి, కొత్త గ్రీజు పెట్టాలి. మామూలుగానైతే ఏడాదికొకసారి, వానాకాలం వెళ్లాక చేయించుకోవచ్చు.

గాలి ఎంత కొట్టాలో టైరు పక్కనే రాసి ఉంటుంది. తక్కువ గాలితో తొక్కితే మోకాళ్లకు శ్రమ, టైరుకు పగుళ్లు. ఈ గాలి టైరును బెల్ఫాస్టు పట్టణంలో డన్లప్ అనే పశువైద్యుడు 1888లో తయారుచేశాడు, అదీ తన చిన్న కుమారుడి మూడు చక్రాల బండి కోసం. వైద్యవృత్తివారు సైకిళ్ల జోలికి వెళ్లడం మాతో మొదలు కాలేదు. గాలి రాత్రికి రాత్రి దిగిపోతుంటే పంక్చరని ట్యూబు విప్పేముందు వాల్వు ట్యూబు చూడండి. చిన్న రబ్బరు ముక్క, అది చీలినా గాలి నిలవదు.

మోకాళ్ల నొప్పులని ఓపీకి వచ్చేవారిలో కొందరి సీటు చూస్తే మాకు మందు చీటీ రాయించబుద్ధి కాదు. కాళ్లు రెండూ నేలకు పూర్తిగా ఆనాలని సీటు అడుక్కి దించేస్తారు. సీటు మీద కూర్చుని, పెడలు అన్నిటికంటే కిందకు తెచ్చి మడమ దాని మీద పెడితే మోకాలు తిన్నగా రావాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అలవాటు లేనివారు వారానికి అర అంగుళం చొప్పున పెంచుకోండి. సీటు కడ్డీ మీద హద్దు గీత ఉంటే దాన్ని దాటించవద్దు. పిల్లలకు "పెరుగుతాడు గదా" అని యూనిఫారం పెద్దది కుట్టించినట్టు సైకిలు కూడా పెద్దది కొంటారు. యూనిఫారం పెద్దదైతే మడిచి కుట్టవచ్చు.

హైదరాబాదు, బెంగుళూరుల నుంచి సెలవులకు వచ్చే మన అబ్బాయిలు సన్నటైర్ల గేరు సైకిళ్లు తెస్తున్నారు. చూడముచ్చటగా ఉంటాయి. వాటి చక్రం నట్టు బదులు మీటతో బిగిస్తారు, తొక్కేముందు ఆ మీట పూర్తిగా మూసి ఉందో లేదో చేత్తో పట్టి చూసుకోవాలి. మిగతాదంతా చైను, బ్రేకు, గాలి, పైన చెప్పినవే.

చక్రం బెండు తీయడం, ఫ్రీవీలు విప్పడం మాత్రం షాపువారికే వదలండి. మేము ఒకసారి ప్రయత్నించి, గ్రామాలకు వెళ్లే ఆరోగ్య కార్యకర్త సైకిలు చక్రాన్ని ఎనిమిది అంకెలా చేసిపెట్టాము. ఆమె రెండు రోజులు ఆటోలో తిరిగింది.

మా ఓపీ గేటు పక్కన వాచ్‌మన్ గది గోడకు ఒక గాలి పంపు, రెండు పానాలు, నూనె డబ్బా వేలాడదీసి ఉంచాము. రోగులతో వచ్చినవారు, ఆదివారం ఆరాధనకు వచ్చినవారు ఎవరైనా వాడుకోవచ్చు. పోయిన నెల నుంచి చిన్న పానా కనబడడం లేదు. పొరపాటున జేబులో పెట్టుకుని వెళ్లినవారు తెచ్చి మేకుకు తగిలిస్తే చాలు, ఎవరూ ఏమీ అడగరు.